తేనెగద్దలు దాటే వారం

"ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఒక్కటంటే ఒక్క తేనెగద్దని కొట్టలేకపోయావు. నీ మొహానికి మళ్ళీ పెళ్ళొకటా?"

నతాలె బాబాయి ఈ మాట ఇంట్లో అని ఉంటే దెమెత్రియో నవ్వి ఊరుకునేవాడు. అన్నది పియెత్రనేరా రేవులో, పాస్క్వాలె కాఫీకొట్టు ముందు, పదిమంది జాలర్లు చూస్తుండగా. అని ఊరుకోకుండా తన జంటగొట్టాల తుపాకీని తెచ్చి అన్నకొడుకు చేతిలో పెట్టాడు. రెండు తూటాలు తీసి అతని చొక్కా జేబులో వేశాడు.

"ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, పడవ తియ్యం. కొండెక్కి ఒకదాన్ని పట్టుకురా. ఉత్త చేతుల్తో దిగావంటే మాత్రం..."

మిగతాది నోటితో చెప్పలేదు. రెండు వేళ్ళు నుదుటి మీద కొమ్ముల్లా నిలబెట్టి చూపించాడు. కొట్టు ముందున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. పాస్క్వాలె అయితే చేతిలో కాఫీ ఒలకబోసుకున్నాడు కూడా.

ఏటా మే నెలలో ఆఫ్రికా నుంచి బయల్దేరిన తేనెగద్దలు సిసిలీ మీదుగా వచ్చి, జలసంధి దాటి, ఈ ఒడ్డున కొండలెక్కి ఉత్తరానికి పోతాయి. ఆ వారాల్లో కనీసం ఒక్కదాన్నైనా కొట్టని మగాణ్ణి పెళ్ళాం మోసం చేసి తీరుతుందనీ, అలాంటివాడికి కొమ్ములు మొలుస్తాయనీ ఇక్కడ తాతలనాటి నమ్మకం. చట్టం వద్దంటుంది. అడవి పోలీసులు కొండల మీద తిరుగుతూనే ఉంటారు. కుర్రాళ్ళలో చాలామంది తుపాకులు ఎప్పుడో వదిలేశారు. నమ్మకం మాత్రం ఊరు వదిలి పోలేదు.

పైగా దెమెత్రియో విషయంలో దానికి సాక్ష్యం కూడా దొరికింది. మూడేళ్ళ క్రితం నిశ్చితార్థం అయిన ఫిలొమేనా, పెళ్ళి నెలరోజులుందనగా పాల్మీలో రొట్టెలు కాల్చేవాడితో వెళ్ళిపోయింది. పెళ్ళి కాకుండానే కొమ్ములు మొలిచిన మొనగాడని ఊరు అతనికి పేరు పెట్టేసింది.

అతనేమైనా చూపు సరిగా లేనివాడా అంటే అదీ కాదు. ఆ రేవు మొత్తానికి అంత చూపున్నవాడు లేడు. కత్తిచేపల వేటకు వెళ్ళే బాబాయి పడవలో తొమ్మిది నిలువుల ఎత్తు ఇనుప స్తంభం ఉంటుంది. దాని కొసన బుట్టలాంటి గూట్లో నిలబడి, నీళ్ళ కింద కదిలే నీడని చూసి, అక్కణ్ణుంచే పడవని తిప్పేది దెమెత్రియోనే. అలాంటివాడు ఆకాశంలో గద్దని కొట్టలేకపోవడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. చూపు ఉండబట్టే కొట్టలేకపోయాడు. మిగతావాళ్ళకి పైన ఒక నల్లచుక్క కనిపిస్తుంది. అతనికి దాని పసుపుపచ్చ కన్ను కనిపిస్తుంది. ఈ సంగతి చెబితే ఇంకా నవ్వుతారని అతనెవరికీ చెప్పలేదు.

అలా తుపాకీ భుజాన వేసుకుని, పచ్చపూల పొదల మధ్య కొండెక్కుతూ ఉన్నాడు. పైన యుద్ధకాలంలో సైనికులు కట్టిన కాంక్రీటు గది ఒకటి పాడుబడి ఉంది. దాని కప్పు మీద ఎవరో లేచి నిలబడ్డారు.

"ఆగండక్కడే!"

అమ్మాయి. గడ్డం కింద తాడుతో కట్టిన టోపీ, ఎండకి కమిలిన ముక్కు, మెడలో దుర్భిణీ. రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది, ఆకాశానికి అడ్డం నిలబడ్డట్టు.

"తుపాకీ కింద పెట్టండి."

"ఎవరమ్మా నువ్వు?"

"పక్షుల్ని లెక్కపెట్టేదాన్ని. మీరొకదాన్ని కొడితే నా లెక్కలో ఒకటి తగ్గుతుంది. కాబట్టి ముందు నన్ను కొట్టండి."

"నిన్ను కొడితే మా ఊళ్ళో లెక్కలోకి రాదు."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆపుకోవడం దెమెత్రియోకి కనిపించింది.

"మాట చూస్తే అటు ఒడ్డు మెస్సీనా దానివి కదూ? బుద్దాచి చేపలు మీరు. నోరు తెరిచారంటే మూత పడదు."

"మీరేమో పేగులు కడుక్కునేవాళ్ళు. మీరు నోరు తెరవకపోతేనే ఊరికి మంచిది."

జలసంధికి అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిస్తే మొదటి పలకరింపు ఇలాగే ఉంటుంది. అది అయిపోయింది కాబట్టి ఇక పరిచయం జరిగినట్టే. ఆమె పేరు ఓర్సోలా. అటు ఒడ్డున మందులకొట్టులో పని. ఏడాది సెలవులన్నీ పోగేసుకుని ఈ మూడు వారాలకే వాడుకుంటుందట.

"మూడు వారాలు ఇలా ఎండలో కూర్చుంటావా? ఊరికే?"

"ఊరికే కాదు. నిన్న రెండొందల పద్దెనిమిది దాటాయి."

 దెమెత్రియో సముద్రం కేసి తిరిగాడు. "వస్తున్నాయి," అన్నాడు.

"ఎక్కడ?"

"మీ దీపస్తంభానికి ఎడమపక్క. నీళ్ళకి కొంచెం పైన."

ఓర్సోలా దుర్భిణీ కళ్ళకి పెట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నాకేం కనపడట్లేదు. వేళాకోళమా?"

"ఇరవై. కాదు, ముప్ఫై. వాటి వెనకాల ఇంకా ఉన్నాయి. వెనకాల... అమ్మో."

రెండు నిమిషాల తర్వాత ఆమెకీ కనిపించాయి. 

నీళ్ళ మీద మొదట అవి మసి రాలినట్టుగా ఉన్నాయి. తర్వాత రెక్కలొచ్చాయి. ఒడ్డు చేరేదాకా అలిసిపోయి టపటపా కొట్టుకుంటూ వచ్చిన పక్షులు, కొండ అంచు తగలగానే కొట్టుకోవడం మానేశాయి. ఎండకి కాగిన కొండ నుంచి వేడిగాలి పైకి లేస్తోంది. దాంట్లోకి ఒక్కొక్కటీ జారుకుని, రెక్కలు చాపేసి, గుండ్రంగా తిరుగుతూ పైకి తేలాయి. వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర మొదలై, కళ్ళ ముందు నుంచి, నెత్తి మీదకి. ఒకటి కాఫీగింజ రంగు, ఒకటి వెన్నరంగు, ఒకదాని పొట్టంతా చారలు. ఏ రెండూ ఒకలా లేవు. రెక్కల చప్పుడు లేదు, అరుపు లేదు. నీడలు మాత్రం పూలపొదల మీద, కాంక్రీటు కప్పు మీద, ఓర్సోలా మొహం మీద పాకుతూ పోతున్నాయి.

దెమెత్రియో ప్రతి ఏడూ వీటిని చూస్తూనే ఉన్నాడు. కానీ ఇంతవరకూ ఎవరి పక్కనా నిలబడి చూడలేదు. తను నోరు తెరుచుకుని చూసినా నవ్వని మనిషి పక్కన ఉంటే చూపు ఇంకా పెద్దదవుతుందని అతనికి ఆ రోజే తెలిసింది. ఎప్పుడు పెట్టాడో గుర్తులేదు, తుపాకీ పొద కింద పడి ఉంది.

"ఆరొందల పన్నెండు," అంది ఓర్సోలా చాలాసేపటికి.  "ఒక్క గంటలో. మీరు చెప్పకపోతే మొదటి గుంపు నాకు దొరికేదే కాదు."

"రేపు కూడా చెప్పమంటావా?"

"చెప్పండి. ఆ ఇనుపగొట్టం లేకుండా వస్తే."

"గాలి తగ్గితే పడవ తీస్తారు మరి."

"తగ్గదులెండి. తగ్గకూడదని మొక్కుకుంటాను." అనేసి ఆమె గబుక్కున పుస్తకం తెరిచింది. "లెక్క కోసం."

ఆ సాయంత్రం దెమెత్రియో ఉత్త చేతుల్తో కొండ దిగాడు. రేవులో అందరూ నుదుటికి వేళ్ళు పెట్టి ఎదురుచూస్తున్నారు. అతను మాత్రం చెవుల దాకా నవ్వుకుంటూ వాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాడు. వెక్కిరింపులో రుచి పోయిందని పాస్క్వాలె తెగ బాధపడ్డాడు.

గాలి నాలుగు రోజులు తగ్గలేదు. అతను దూరాన నల్లచుక్కల్ని చూసి చెప్పేవాడు, ఆమె లెక్కపెట్టేది. మధ్యలో మాటలు. నున్జియాతా నానమ్మ చేసిన కత్తిచేప చుట్టలు అతను తెస్తే, ఆమె తన ఒడ్డు నుంచి తెచ్చుకున్న వేయించిన అన్నపు ఉండలు పెట్టేది. రెండో రోజుకి ఆమె నోట "మీరు" సగం అరిగింది. మూడో రోజుకి పూర్తిగా పోయింది.

"నీకీ పిచ్చి ఎప్పుడు పట్టింది?" అని అడిగాడతను.

"ఆరేళ్ళప్పుడు. మా ఒడ్డున ప్రవాహం తిరగబడిన మర్నాడు తెల్లవారుజామున అడుగు సముద్రపు చేపలు ఇసకలో పడి ఉంటాయి చూడు, పొట్ట మీద దీపాల వరస ఉన్నవి. నాన్న తీసుకెళ్ళి చూపించాడు. సూర్యుణ్ణి ఎప్పుడూ చూడని చేప నా అరచేతిలో ఉంది. నేను ఏడ్చేశాను. భయమేసి కాదు. మన ఇంటి ముందే ఇంత ఉందా అని."

దెమెత్రియో ఆమె అరచేతి కేసి చూశాడు. ఇప్పుడందులో ఆలివ్ గింజలు తప్ప ఏమీ లేవు. అయినా చాలాసేపు చూశాడు.

"ఏంటి?" అంది ఓర్సోలా.

"ఏం లేదు. గింజలు."

"గింజలు చూస్తే చెవులు ఎర్రబడతాయా నీకు?"

నాలుగో రోజు సాయంత్రం సామాను సర్దుకుంటూ ఆమె ఒక మాట అంది. నవ్వుతూ కాదు. "చూడు, మనుషుల్లో నాకు చాలా నచ్చుతాయి. చాలా తప్పులు క్షమిస్తాను కూడా. కానీ ఇదంతా కళ్ళతో చూసి, తర్వాత వెళ్ళి తుపాకీ పట్టుకునేవాడితో మాత్రం నేను మాట్లాడలేను. అది కోపం కాదు. నా చేతకాదు."

"నేను పట్టుకోను," అన్నాడు దెమెత్రియో.

"తెలుసు. అందుకే చెబుతున్నా."

అయిదో రోజు గాలి పడిపోయింది. ఎడారి నుంచి వచ్చే ఉక్కపోత కమ్ముకుని, సముద్రమూ ఆకాశమూ ఒకే పాలరంగులోకి మారాయి. నతాలె బాబాయి పడవ తీశాడు. తను పడవ ముక్కు నుంచి ముందుకు చాచిన సన్నటి వంతెన చివర బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. దెమెత్రియో స్తంభం ఎక్కాడు.

పైనుంచి చూస్తే కొండలు లేవు, ఎట్నా అగ్నిపర్వతం లేదు, అవతలి ఒడ్డు లేదు. ఆ పాలతెలుపులోంచి తేనెగద్దలు వస్తున్నాయి. పైకి తేలే గాలి లేక నీళ్ళ మీదుగా, స్తంభం ఎత్తులోనే వస్తున్నాయి. అతను చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా రెక్కలు కదిలాయి. పసుపుపచ్చ కళ్ళు అతన్ని చూసి, అతనూ గాలిలో వేలాడే ఏదో ప్రాణి అనుకున్నట్టుగా దాటిపోయాయి. ఎడారి దుమ్ము వాసన కూడా తగిలిందతనికి. వేల మైళ్ళు మోసుకొచ్చిన వాసన. ఓర్సోలా ఇక్కడ లేదే అనుకున్నాడు.

అప్పుడే కింద నీళ్ళలో రెండు పొడవాటి నీడలు కనిపించాయి. "కుడిపక్క! జంట!" అని అరిచి చక్రం తిప్పాడు. వంతెన చివర బాబాయి బల్లెం ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే ఒక తేనెగద్ద నీళ్ళలో పడింది. వెన్నరంగుది. లేవబోయింది, రెక్క తడిసి బరువెక్కింది. మళ్ళీ లేవబోయింది. అంతే, తల మాత్రమే పైన ఉంది.

దెమెత్రియో చక్రాన్ని ఎడమకి తిప్పేశాడు.

"ఒరేయ్! ఎటురా! చేప ఇటుంటే ఎటు పోతున్నావురా దరిద్రుడా!" బాబాయి వంతెన మీద ఊగిపోతూ అరిచాడు. "ఎనభై కిలోలుందిరా! నీ కళ్ళు కాకులెత్తుకుపోనూ!"

దెమెత్రియో పడవని పక్షి పక్కకి చేర్చి, స్తంభం మీంచి జర్రున జారి దిగి, చేతివలతో దాన్ని పైకి తీశాడు. చలనం లేదు. చొక్కా విప్పి చుట్టాడు. బాబాయి తిట్లు లంకించుకుంటూ దగ్గరికొచ్చి, చొక్కాలోంచి వేలాడుతున్న రెక్కని చూసి టక్కున ఆగాడు. మొహం మెల్లగా విప్పారింది.

"పోయిందా?"

"ఊపిరుంది బాబాయ్."

"ఉంటే ఉండనీ. ఎవడికి తెలుస్తుంది?" బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "దేవుడే పంపించాడురా దీన్ని. ఇవాళ్టితో నీ పీడ వదిలింది."

రేవు చేరేలోపు ఆయన కథంతా అల్లేశాడు. స్తంభం మీంచి, ఊగుతున్న పడవలోంచి, ఒక్కటే తూటా! గట్టిగా చెబితే పోలీసుల చెవిన పడుతుందని ఆయన ఆ గొప్ప అంతా గుసగుసగానే చెప్పుకున్నాడు. ఊరు పండగ కూడా గుసగుసగానే చేసింది. పాస్క్వాలె తలుపు ఓరగా వేసి ద్రాక్షసారా పోశాడు. మూడేళ్ళుగా నుదుటికి వేళ్ళు పెట్టినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి దెమెత్రియో వీపు తట్టారు. ఒక ముసలాయన బుగ్గలు పట్టుకుని ముద్దు కూడా పెట్టాడు.

ఆ మసకలో కొండ మీంచి ఏమీ కనపడక, స్తంభం మీద అతనికేం కనిపించిందో అడుగుదామని ఓర్సోలా అదే సమయానికి రేవులోకి దిగింది. ఓరగా వేసిన తలుపు తోసింది. బల్ల మీద చొక్కా, చొక్కాలోంచి వెన్నరంగు రెక్క, చుట్టూ గ్లాసులు ఎత్తిన చేతులు.

"నువ్వు కొట్టావా?"

"కొట్టాడు కాక! మావాడంటే మజాకా అనుకున్నావా?" అన్నాడు బాబాయి.

"నేనతన్ని అడుగుతున్నాను."

దెమెత్రియో నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. వీపు మీద ఎవరిదో చెయ్యి ఇంకా ఆప్యాయంగా ఉంది. బాబాయి కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. గదిలో ఒక్కడు కూడా నవ్వడం లేదు. దెమెత్రియో నోరు మూసుకున్నాడు.

ఓర్సోలా కేకలు వెయ్యలేదు. ఫోన్ తీసింది. అడవి పోలీసుల నంబరు నొక్కడానికేనని అందరికీ అర్థమైంది. తెర కేసి కాసేపు చూసి, నొక్కకుండానే జేబులో పెట్టుకుంది. తలుపు మళ్ళీ ఓరగా వేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి దెమెత్రియో పక్షిని వంటింట్లో పొయ్యి పక్కన బుట్టలో పెట్టాడు. సంగతి ముందే విన్న నున్జియాతా నానమ్మ ఈకలు పీకడానికి గిన్నెలో నీళ్ళు మరగబెట్టి సిద్ధంగా ఉంది. బుట్టలో చెయ్యి పెట్టగానే కెవ్వుమంది.

"కూర మనిషిని కరుస్తోందిరా!"

బుట్టలోంచి పసుపుపచ్చ కన్ను ఒకటి ఆమె కేసి గుర్రుగా చూస్తోంది. నానమ్మ వేలు నోట్లో పెట్టుకుని మనవడి మొహం చూసింది. ఆ మొహంలో బతికి ఉన్న పక్షిని చూసిన ఆశ్చర్యం లేదు. ఏడుపు ఉంది. ఏం జరిగిందో మొత్తం చెప్పించింది.

విన్నాక మరుగుతున్న నీళ్ళు దించేసి, పక్కన కూర్చుంది. "మీ తాత ఎన్ని కొట్టాడో తెలుసా?"

"ఏడాదికొకటి. ఊరంతా చెబుతుందిగా."

"ఒక్కటీ లేదు. తుపాకీ పేలితే చెవులు మూసుకునేవాడు నాయనా. ఏటా కొండవతల ఊరికెళ్ళి, ఎవడో కొట్టింది కొనుక్కొచ్చేవాడు. మీ బాబాయికి ఇప్పటికీ తెలీదు. ఊరు మెచ్చుకునేది. నేను వండేదాన్ని. ఏడాదికోసారి అబద్ధాన్ని ఉల్లిపాయలేసి వండి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. తింటున్నంతసేపూ ఆ మనిషి నా మొహం చూసేవాడు కాదురా." ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. "నేనేమో ఆయన్ని తప్ప ఇంకో మనిషిని కలలో కూడా చూడలేదు. ఆ మాట ఆయన నమ్మి ఉంటే, ఆ కూర వండే పని నాకు తప్పేది. ఆ పిల్ల లెక్క మానేసి సాయంత్రం ఆరింటి బస్సుకి పోతోందట. లే."

ఆరింటి బస్సు చర్చి ముందు ఆగుతుంది. ఆ వేళకి ఊరు ఊరంతా ఆ వీధిలోనే అటూ ఇటూ షికారు చేస్తుంటుంది. ఓర్సోలా సంచి మీద కూర్చుని ఉంది. బుట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చిన దెమెత్రియోకి ఆమెతో ఒంటరిగా మాట్లాడటానికి చోటు లేదు. ఒంటరిగా మాట్లాడాలని అతనికీ లేదు. చర్చి మెట్లెక్కాడు. బుట్ట మూత తీసి పక్షిని పైకెత్తాడు. అది రెక్క విప్పి అతని చెంప మీద ఫెళ్ళున కొట్టింది. వీధంతా ఆగిపోయింది.

"దీన్ని నేను కొట్టలేదు!" అని అరిచాడు. "సముద్రంలో పడితే తీశాను. ఇంతవరకూ ఒక్కటి కూడా కొట్టలేదు, ఇకమీదట కొట్టను. వాటి కళ్ళు నాకు కనిపిస్తాయి, కొట్టలేను. మధ్యాహ్నం ఇది చెప్పలేక నోరు మూసుకున్నాను, అది నా తప్పు. ఇప్పుడు నవ్వేవాళ్ళు నవ్వుకోండి!"

నవ్వారు. ఎందుకు నవ్వరు? ముందు పాస్క్వాలె నుదుటికి వేళ్ళు పెట్టాడు, తర్వాత వీధి వీధంతా. నతాలె బాబాయి మాత్రం నవ్వలేదు. తల దించుకుని చర్చి గోడకి ఆనుకున్నాడు.

దెమెత్రియో మెట్లు దిగి ఓర్సోలా ముందు నిలబడ్డాడు. ఆమె అతని మొహం చూడలేదు. పక్షిని అందుకుని, రెక్క విప్పి, వేళ్ళతో ఎముక వెంబడి తడిమింది.

"విరగలేదు. అలిసిపోయిందంతే. చీకటి పెట్టెలో పడుకోబెడితే రేపు ఎండకి ఎగురుతుంది." అప్పుడు తలెత్తింది. "మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదు?"

"మూడేళ్ళయింది నన్ను చూసి ఎవరూ నవ్వకుండా ఉండి. ఒక్క నిమిషం హాయిగా ఉంది. ఆ నిమిషం కోసం నిన్ను పోగొట్టుకున్నా."

"ఇప్పుడు మళ్ళీ నవ్వుతున్నారు."

"వినిపిస్తోంది."

బస్సొచ్చింది. తలుపు తెరుచుకుంది, కాసేపాగి మూసుకుంది, వెళ్ళిపోయింది. ఓర్సోలా పక్షిని బుట్టలో పెట్టి మూత వేసింది.

"రేపు ఏడింటికి కొండ మీద. పక్షి కోసం ఉంటున్నా. నీ కోసం కాదు."

మర్నాడు పొద్దున కొండ మీదకి వాళ్ళిద్దరే వెళ్ళాలనుకున్నారు. వెనకాల ఊరు సగం ఎక్కింది. బతికిన తేనెగద్దని వదిలేసే వెర్రివాణ్ణి చూడటానికి రానివాడెవడు? ఆఖరున, అందరికంటే దూరంగా, రొప్పుకుంటూ నతాలె బాబాయి.

ఉక్కపోత విడిపోయి ఆకాశం కడిగినట్టుంది. నిన్న సిసిలీలో ఆగిపోయిన పక్షులన్నీ ఒకేసారి బయల్దేరాయి. దెమెత్రియో చూశాడు కానీ చెప్పలేదు. చెప్పడానికి అంకె చాలలేదు. దీపస్తంభం నుంచి ఎట్నా దాకా సముద్రం మీద ఒక గీత కదులుతోంది. ఆ గీత దగ్గరికొచ్చి, విడిపోయి, కొండని తాకి, లేచింది. ఒక సుడి కాదు, అయిదు సుడులు పక్కపక్కనే. ఒకదాని కొస ఇంకోదానిలో కలిసిపోతోంది. ఎండ రెక్కల గుండా వడకట్టినట్టు పడుతోంది. అందరి మొహాలూ వెలుగూ నీడా, వెలుగూ నీడా. నవ్వడానికి వచ్చినవాళ్ళ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నవ్వు మాత్రం లేదు. ఎవరో ఒక తల్లి చంకలో పాపని పైకెత్తి చూపించింది.

నలభై ఏళ్ళుగా తుపాకీ గొట్టం వెంబడి ఒక్కొక్క పక్షినే చూసిన నతాలె బాబాయి, తల వెనక్కి వాల్చి, టోపీ కింద పడింది కూడా తెలీకుండా నిలబడిపోయాడు.

"ఇన్నా?" అన్నాడు చిన్నగా. "ఇన్ని వస్తాయా?"

 ఓర్సోలా ఆ టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

దెమెత్రియో బుట్ట తెరిచాడు. వెన్నరంగు గద్ద అంచు మీద నిలబడి, ఒళ్ళు విదిలించి, ఒకసారి అతని కేసి చూసింది. తర్వాత గాలిలోకి ఒరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టుకి నెత్తి మీదకి. అందరూ వేళ్ళు చూపిస్తూ దాన్ని వెతుక్కున్నారు. కాసేపటికి అది ఏదో ఎవరికీ తెలీలేదు.

పాస్క్వాలె నిట్టూర్చాడు. "అందంగానే ఉందనుకో. కానీ పాపం, చేతికొచ్చిందాన్ని వదిలేశాడు. ఇక కొమ్ములు ఖాయం."

ఓర్సోలా అతనివైపు తిరిగింది. "ఏమండీ, కొమ్ములు మొలవాలంటే ముందు పెళ్ళాం ఉండాలి కదా?"

"ఉండాలి మరి."

"ఆ పెళ్ళాం నేనవుతాను. మీరు మీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని, కొమ్ములెప్పుడొస్తాయా అని చూస్తూ కూర్చోండి. మీ జుట్టు తెల్లబడుతుంది, పళ్ళూడిపోతాయి, అవి మాత్రం రావు."

 పైన రెక్కలు తప్ప ఏదీ కదల్లేదు. నానమ్మ ఒక్కతే చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

దెమెత్రియో ఆమె కేసి తిరిగాడు. "నన్నడగవా?"

"నిన్న మధ్యాహ్నం అందరి ముందూ ఒక్క మాట అడిగితే నోరు మూసుకున్నావు," అంది ఓర్సోలా. పెదవి కొస వణుకుతోంది, నవ్వో ఏడుపో తెలీడం లేదు. "మళ్ళీ అందరి ముందే అడుగుతున్నాను. చెప్పు."

"చేసుకుంటాను!" అన్నాడు దెమెత్రియో. పక్క కొండకి కూడా వినిపించింది.